రబీ వేరుశనగ విత్తనకాయ: ఏప్రిల్‌లో మొలిచిన గింజ జూలైలో ఎందుకు మొలవడం లేదు?

ముదిగుబ్బ_రైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బోరు కింద వేసిన రబీ వేరుశనగ (కదిరి-6 రకం) ఏప్రిల్ రెండో వారంలో పీకుతాం. అందులో 30 బస్తాల కాయ ఖరీఫ్ విత్తనానికి పక్కన పెట్టాలి. బస్తా అంటే 40 కిలోల కాయ. వానను బట్టి జూన్ చివర్లోనో జూలైలోనో విత్తుతాం.

మా చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ ఒకటే సమస్య. కాయ ఎండిన కొత్తలో వంద గింజలు నానేస్తే తొంభై దాకా మొలుస్తాయి. అదే కాయ జూలైలో వలిచి వేస్తే చాళ్లలో సగానికి సగం ఖాళీలు. గింజ చూడటానికి బాగానే ఉంటుంది, పుచ్చు కూడా పెద్దగా కనపడదు. దాచేది మామూలు గోనె సంచుల్లో, రేకుల గదిలో.

అడగాలనుకున్నవి ఇవి. ఈ మూడు నెలల్లో గింజకు అసలు ఏమవుతోంది? ఎంత తేమకు ఎండబెట్టాలి, మీటరు లేకుండా దాన్ని తెలుసుకునేదెలా? కాయగా దాచాలా, వలిచి గింజగా దాచాలా? విత్తగా మిగిలింది మళ్లీ రబీకి పనికొస్తుందా? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

విత్తన_ల్యాబ్

ముదిగుబ్బ అన్నా, మొదట కారణం చెప్తాను. అది తెలిస్తే మిగతావన్నీ దానంతట అవే తేలతాయి.

ఎండిన గింజ కూడా బతికే ఉంటుంది, మెల్లగా ముసలిదవుతుంటుంది. ఆ వేగాన్ని నిర్ణయించేవి గింజలోని నీరు, చుట్టూ ఉన్న వేడి. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటి ప్రపంచమంతా వాడతారు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వ ఆయుష్షు రెట్టింపు, దాచిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడే ఈ లెక్క వర్తిస్తుంది. ఇది ఉజ్జాయింపే, ఏ పంటకూ అచ్చంగా సరిపోదు. అయినా దిశ మాత్రం తప్పదు. 9 శాతం నుంచి 7కి దించితే నాలుగు రెట్లు, గది వేడి 40 నుంచి 30కి దించితే ఇంకో నాలుగు రెట్లు. రెండూ చేస్తే పదహారు రెట్లు.

ఇప్పుడు మీ రేకుల గది చూడండి. మే నెలంతా పగలు రేకు కింద బయటికంటే వేడి ఎక్కువ. జూన్ మొదట్లో నైరుతి గాలి రాగానే వేడి తగ్గుతుంది గానీ గాలిలో తేమ పెరుగుతుంది. గోనె సంచి ఆ తేమను ఆపదు. మేలో పొడిగా ఉన్న కాయ జూన్‌లో తేమ పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు వేడి దెబ్బ, వేడి తగ్గాక తేమ దెబ్బ. ఏప్రిల్‌కూ జూలైకీ మధ్య జరుగుతున్నది ఇదే. ఖరీఫ్ కాయ నవంబరులో వచ్చి చలికాలం గడుపుతుంది కాబట్టి అదే గోనెలో అదే గదిలో ఉన్నా ఇంత త్వరగా చెడదు.

వేరుశనగకే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. చాలామంది వడ్లకు చెప్పిన 12, 13 శాతం తేమను దీనికీ వర్తింపజేస్తారు. అది చాలా ప్రమాదం. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె. నూనెలో నీరు నిలవదు. ఉన్న నీరంతా మిగతా సగంలోనే, అంటే మొలకకు అవసరమైన ప్రోటీన్లు, కణాల భాగంలోనే ఉంటుంది. నూనె 48 శాతం అనుకుని లెక్కేయండి. గింజ తేమ 8 శాతం అంటే 100 గ్రాముల గింజలో నీరు 8, నూనె 44, మిగతా పదార్థం 48. నూనె తీసేసి చూస్తే 56లో 8, అంటే 14 శాతం పైనే. కాబట్టి 8 శాతం తేమ ఉన్న వేరుశనగ గింజ 14 శాతం తేమ ఉన్న వడ్ల గింజతో సమానం. 14 శాతం వడ్లను విత్తనానికి మూట కట్టమని ఎవరూ అనరు కదా.

విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో వేరుశనగకు తేమ పరిమితి 9 శాతం, మొలక కనీసం 70. ఆ 9 దాటకూడని గీత. మీరు చేరాల్సింది దానికి బాగా కిందే. కాయ 8 లోపు, వలిచిన గింజ 6 నుంచి 7. పొట్టులో నూనె లేదు కాబట్టి ఒకే గాలిలో ఉన్నా పొట్టు తేమ గింజ తేమకంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే మీటరులో కొలిచేటప్పుడు కాయను వలిచి, గింజను కొలవాలి, మీటరును వేరుశనగ స్కేలు మీద పెట్టాలి. ఎండలోంచి తెచ్చిన వేడి గింజను వెంటనే కొలిస్తే అంకె తప్పుతుంది. నీడలో చల్లారనివ్వాలి.

ఇక ఎండబెట్టడం. మొలక సగం పోయేది ఇక్కడే. పోయిన సంగతి తెలిసేది మాత్రం జూలైలో. పీకినప్పుడు కాయలో తేమ మూడో వంతుకు పైనే ఉంటుంది. ఆ తడి గింజకు ఎక్కువ వేడి తగిలితే లోపలి కణపొరలు దెబ్బతింటాయి. అప్పటికి మొలుస్తుంది గానీ నిల్వను తట్టుకునే శక్తి పోతుంది. విత్తనాన్ని ఆరబెట్టే గాలి వేడికి పాటించే హద్దులు ఇవి: తేమ 18 శాతం పైన ఉంటే 32 డిగ్రీలు, 10 నుంచి 18 మధ్య 38, పది లోపుకు వచ్చాక 43. గింజ ఎంత తడిగా ఉంటే అంత తక్కువ వేడి. మన కల్లాల్లో జరిగేది దీనికి తలకిందులు. పచ్చికాయను మొదటి రోజే మధ్యాహ్నం ఎండలో సిమెంటు మీద పరుస్తారు.

ఏప్రిల్, మే గాలి మన దగ్గర మధ్యాహ్నం ఎంత పొడిగా ఉంటుందంటే, నీడలో పరిచినా కాయ అద్భుతంగా ఆరుతుంది. ఆరబెట్టేది పొడి గాలి, ఎండ కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జన్యు బ్యాంకులో విత్తనాన్ని ఆరబెట్టే గదిలో వేడి 15 డిగ్రీలే, గాలిలో తేమ 15 శాతం. ఎండ అన్న మాటే లేదు. ఆ గదిలోని పొడి గాలికి దగ్గరగా ఉండేది మనకు ఆ రెండు నెలల్లో ఊరికే దొరుకుతోంది.

చేయాల్సింది: చెట్లు పీకాక ఆకు పైకి, కాయ నీడలోకి వచ్చేలా చిన్న చిన్న కుప్పలుగా వేసి రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత విత్తనానికి కావలసినంత కాయను చేత్తో తెంపించండి. మిషనులో వేస్తే పొట్టు పగులుతుంది. టార్పాలిన్ మీద రెండు అంగుళాలకు మించని మందంలో, చెట్టు నీడలోనో పందిరి కిందో పరిచి రోజుకు నాలుగైదుసార్లు తిప్పండి. నీడ చాలకపోతే పొద్దున పదింటి దాకా, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ తగలనివ్వండి. మధ్యలో కుప్ప చేసి గోనెలు కప్పండి. రాత్రి మంచు, తేమ తగలకుండా తప్పనిసరిగా కప్పాలి.

---

గోదాం_కాపలా

ల్యాబ్ గారు చెప్పిన దానికి గది సంగతి, సంచి సంగతి కలుపుతాను.

గది: రేకుల గది తప్ప వేరే లేకపోతే రేకు పైన సున్నం కొట్టండి, మీద జొన్న చొప్పో వరిగడ్డో మందంగా పరవండి. పెంకుటిల్లు గానీ మట్టి మిద్దె గానీ ఉంటే అంతకంటే మంచిది లేదు. యూరియా, డీఏపీ, కలుపు మందులు ఉన్న గదిలో విత్తనం పెట్టకండి. ఎరువు గాలిలోని తేమను గదిలోకి లాగుతుంది, కొన్ని మందుల ఆవిరికి మొలక చస్తుంది. సంచులు నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు కనీసం అడుగున్నర దూరంలో పేర్చండి. గోడకు ఆనించిన వరస సంచుల్లోనే మొదట బూజు మొదలవుతుంది, ఎందుకంటే వానాకాలం గోడ చెమ్మ ముందు తగిలేది వాటికే. నాలుగైదు వరసలకు మించి పేర్చితే కింది కాయ పొట్టు పగులుతుంది.

పుచ్చు: మీకు కనపడకపోవడం వల్ల లేదనుకోకండి. వేరుశనగ పుచ్చు పురుగు కాయ పొట్టు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గుడ్డు అడుగు నుంచే పొట్టును తొలుచుకుని నేరుగా గింజలోకి పోతుంది. లోపల పూర్తిగా ఎదిగి బయటికి వచ్చేదాకా కాయ మీద గుండ్రటి రంధ్రం ఉండదు. ఈ పురుగు చింతకాయల్లోనూ పెరుగుతుంది. చింతచెట్టు కింద కాయ ఆరబెట్టడం, చింతపండు, చింతగింజలు దాచిన గదిలోనే విత్తనకాయ పెట్టడం అంటే పురుగును పిలిచి కూర్చోబెట్టినట్టే. మన జిల్లాలో నీడ అనగానే చింతచెట్టే గుర్తొస్తుంది, కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. వేపచెట్టు నీడ చూసుకోండి, లేకపోతే పందిరి వేయండి.

పాత గోనెలు వాడేటట్టయితే మరిగే నీళ్లలో ముంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పాత సంచుల కుట్లలో పురుగు గూళ్లు మిగిలే ఉంటాయి.

సెల్ఫోస్ లాంటి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంట్లో ఎవరూ వాడకండి. ఆ గ్యాసు పక్క గదిలో పడుకున్నవాళ్లను కూడా చంపుతుంది, దానికి విరుగుడు లేదు. అనుమతి ఉన్నవాళ్లు, నివాసం లేని గోదాముల్లో మాత్రమే చేయాల్సిన పని అది. పైగా తేమ ఎక్కువున్న విత్తనానికి పదేపదే పొగ పెడితే మొలక కూడా తగ్గుతుంది. గ్యాసు పోయిన మర్నాడే కొత్త పురుగు రావచ్చు, రక్షణ నిలవదు.

సంచి: గాలి చొరబడని లైనర్ సంచి మీ సమస్యకు సరైన మందు. పురుగు పట్టని సంచులని విత్తనాల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. లోపల మందమైన ప్లాస్టిక్ సంచులు ఒకటో రెండో, పైన నేసిన సంచి ఉంటాయి. బయటి తేమ లోపలికి రాదు. లోపల పురుగు ఉంటే అదే ఆక్సిజన్ వాడేసుకుని చస్తుంది. కాయ ముక్కు గుచ్చుకుని లోపలి సంచికి చిల్లు పడే ప్రమాదం ఉంది. అందుకే ఒకే పలచటి సంచి పనికిరాదు. నింపేటప్పుడు కుక్కకండి, నింపాక ఈడ్చకండి.

---

ముదిగుబ్బ_రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు అనుమానాలు. ఒకటి, తేమ మీటరు మాకు అందుబాటులో లేదు. గాజు సీసాలో ఉప్పు వేసి గింజలు కలిపి ఊపితే తెలుస్తుందంటారు, నిజమేనా? రెండు, లైనర్ సంచిలో తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ పెట్టమంటున్నారు, ఎంత, ఎలా? మూడు, కాయ కాస్త పచ్చిగా ఉన్నా లైనర్లో వేసి కాల్షియం క్లోరైడ్ పెడితే అదే ఆరిపోదా?

---

విత్తన_ల్యాబ్

ఉప్పు పరీక్ష నిజమే గానీ దాని అర్థం పంటను బట్టి మారుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మగిల్లి సీసాకు అంటుకుంటుంది. వడ్ల మధ్య ఉండే గాలి ఆ స్థాయికి రావాలంటే వడ్లలో తేమ సుమారు 15 శాతం ఉండాలి. నూనె ఉన్న వేరుశనగకు 9 శాతం దగ్గరే ఆ స్థితి వచ్చేస్తుంది. కాబట్టి ఉప్పు అంటుకుంటే కాయ ఖచ్చితంగా పచ్చిగా ఉన్నట్టు. అంటుకోకపోతే మాత్రం సురక్షితం అని అర్థం కాదు, ప్రమాద గీత దాటలేదు అంతవరకే.

దీనికంటే మంచిది, మీటరుకంటే చవకైనది ఇంకోటి ఉంది. గాలి తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అప్పుడే వలిచిన గింజలతో ఒక గాజు సీసాను ముప్పాతిక వంతు నింపి, హైగ్రోమీటరును గింజల మీద పెట్టి, మూత గట్టిగా బిగించండి. నీడలో, వేడి మారని చోట ఒక రాత్రి ఉంచి పొద్దున అంకె చూడండి. అది గింజల మధ్య ఉన్న గాలి తేమ. 65 పైన ఉంటే బూజుకు అనుకూలం, ఇంకా ఆరబెట్టాలి. 60 లోపు ఉంటే మూడు నెలలకు మూట కట్టొచ్చు. 50 దగ్గరికి తెస్తే ఇంకా ఎక్కువ కాలానికి ధైర్యంగా ఉండొచ్చు. దీనిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే నూనె ఎంతుందో లెక్కలు అక్కర్లేదు. కందులకైనా, నువ్వులకైనా, వడ్లకైనా ఆ 65, 60, 50 గీతలు అవే.

హైగ్రోమీటరు నమ్మకమైనదో కాదో కూడా ఉప్పుతోనే చూసుకోవచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పును కొద్ది నీటితో ముద్దలా తడిపి, హైగ్రోమీటరుతో పాటు మూసిన డబ్బాలో ఒక రోజు ఉంచండి. 75 చూపాలి. 79 చూపితే ప్రతి కొలతలోంచీ 4 తీసేయండి.

చేతి గుర్తులు కూడా పనికొస్తాయి. కాయ ఊపితే గలగలలాడాలి. గింజను రెండు వేళ్ల మధ్య నులిమితే పైపొర రాలిపోవాలి, బద్దలు టక్కున విడిపోవాలి. ఈ గుర్తులు వచ్చాక ఇంకో రెండు రోజులు నీడలో ఆరబెట్టి, అప్పుడు సీసా పరీక్ష చేయండి.

కాల్షియం క్లోరైడ్: 30 నుంచి 40 కిలోల కాయ ఉన్న లైనర్ సంచికి 250 గ్రాములు పెట్టడం ఆనవాయితీ. అది తేమ పీల్చి నీరుగా కారుతుంది, కాబట్టి నేరుగా కాయలో పోయకూడదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో సగానికే వేసి, మూతికి గుడ్డ కట్టి, సంచి మధ్యలో నిటారుగా పాతిపెట్టండి. ఆ తర్వాత సంచిని పడుకోబెట్టకూడదు. కారిన ద్రవం తగిలిన కాయ విత్తనానికీ తిండికీ పనికిరాదు.

మూడో అనుమానానికి జవాబు గట్టిగా కాదు. 40 కిలోల కాయలో తేమ 9 నుంచి 8కి, అంటే ఒక్క శాతం దిగాలంటే దాదాపు 430 గ్రాముల నీరు బయటికి రావాలి. 12 నుంచి 8కి అంటే దాదాపు పావు తక్కువ రెండు కిలోల నీరు, 1,740 గ్రాములు. పావు కిలో మందు అంత నీటిని లాగలేదు. అది పొడి కాయను పొడిగా ఉంచడానికే, పచ్చికాయను ఎండబెట్టడానికి కాదు. పచ్చికాయను గాలి ఆడకుండా కడితే గోనెలో ఉన్నదానికంటే త్వరగా చెడుతుంది. గింజ ఊపిరికి వచ్చే వేడీ నీరూ బయటికి పోలేక లోపలే చెమ్మగా తిరిగి కాయ మీద పడతాయి, ఆస్పర్జిల్లస్ బూజు పడుతుంది, దానితో అఫ్లాటాక్సిన్ విషం. గాలి చొరబడని సంచికి ఎప్పుడూ ఇంకా తక్కువ తేమ కావాలనేది నియమం. వడ్లకు ధ్రువీకరణ ప్రమాణాల్లోనే మామూలు సంచికి 13 శాతం, తేమ చొరబడని సంచికి 8 అని వేరువేరుగా పెట్టింది అందుకే.

మూట కట్టే సమయం కూడా ముఖ్యం. వానలు రాకముందే, మేలో, సాయంత్రం నాలుగు గంటలప్పుడు నీడలో చల్లారిన కాయను కట్టండి. పొద్దున గాలిలో తేమ ఎక్కువ, ఆ గాలినే సంచిలో బంధిస్తారు. ఎండలోంచి తెచ్చిన వేడి కాయను అలాగే కడితే రాత్రికి లైనరు లోపలి గోడకు చెమ్మ పడుతుంది.

---

పాలమూరు_రమణమ్మ

అన్నలు సంచులు, మందులు చెప్పారు. కందులు, పెసలు, అలసందల సంగతి కొంచెం వేరని చెప్పడానికి రాస్తున్నా. వీటికి బూడిద, వేపాకు, కుండ బాగా పనిచేస్తాయి, దానికి కారణం ఉంది. జల్లెడ పట్టిన పొడి బూడిద గింజల మధ్య సందులన్నీ నింపేస్తుంది. పుచ్చు పురుగుకు తిరగడానికి, జతకట్టడానికి, గుడ్డు పెట్టడానికి చోటుండదు. చిటికెడు చల్లితే పని జరగదు, సందులు నిండేంత పోయాలి, పైన రెండు వేళ్ల మందం పొర పరవాలి. బూడిద పూర్తిగా చల్లారి ఉండాలి. మూతికి మట్టితో మెత్తాలి.

వేపాకు నీడలో గలగలలాడేదాకా ఆరాకే వేయాలి. పచ్చాకు వేస్తే దాని తేమంతా గింజకు చేరుతుంది. చాలా ఇళ్లల్లో ఈ పొరపాటు జరుగుతుంది, వేపాకు వేసినా పుచ్చు పట్టిందని తర్వాత వేపాకును అంటారు.

పెసలు, కందులకు పుచ్చు చేనులోనే, ఎండుకాయ మీద గుడ్డుగా మొదలవుతుంది. కాబట్టి ఎండిన కాయను చేనులో ఎక్కువ రోజులు వదలొద్దు. ఇంటికి తెచ్చాక ఎంత మంచి డబ్బాలో పెట్టినా లోపలికి గుడ్లతోనే పెడుతున్నారు.

వేరుశనగ కాయకు మాత్రం బూడిద మీద ఆశ పెట్టుకోకండి. కాయల మధ్య సందులు పెద్దవి, అవి నిండాలంటే కాయకు సమానంగా బూడిద కావాలి.

వలిచి దాచాలా అన్నారు. వద్దు. పొట్టే దానికి సహజమైన పెట్టె. వలిచిన గింజకు ఎర్ర పెంకు పురుగు, బియ్యపు చిలక పురుగు వస్తాయి. చెక్కు చెదరని కాయలోకి అవి దూరలేవు. విత్తే వారం పది రోజుల ముందు మాత్రమే వలవండి, చేత్తో వలవండి.

---

విత్తన_ల్యాబ్

రమణమ్మ గారి మాటకు ఒక కారణం కలుపుతాను. వేరుశనగలో మొలక వేరు కొన గింజ మొనలో, పలచటి పైపొర కిందే ఉంటుంది. ఎదురు దెబ్బ మొదట తగిలేది అక్కడే. మిషనులో వలిచిన గింజ బద్దలు బాగున్నా వేరు కొన నలిగి ఉంటుంది. మొలుస్తుంది గానీ వేరు మొద్దుగా ఆగిపోతుంది. ఇంకో అలవాటు, పప్పు విరగకుండా ఉండాలని మిషనులో వేసే ముందు కాయ మీద నీళ్లు చల్లడం. తిండి పప్పుకు చల్లుతారేమో, విత్తనానికి చేస్తే మూడు నెలలు కాపాడిన పొడితనం ఒక్క రాత్రిలో పోతుంది. వలిచిన విత్తనం కొనేవాళ్లు ఈ రెండూ అడిగి తీరాలి.

సంచి తెరిచాక ఇంకో జాగ్రత్త. 5 శాతానికి దిగిన బాగా పొడి గింజను నేరుగా తడి నేలలో వేస్తే నీటిని ఒక్కసారిగా పీల్చి పైపొర, బద్దలు చిట్లుతాయి. వలిచాక నీడలో, మామూలు గాలిలో ఒకటి రెండు రోజులు పలచగా పరిచి ఉంచితే కాస్త తేమ పట్టి మెత్తబడుతుంది. ఆ తర్వాతే విత్తనశుద్ధి, అంటే గింజకు మందు పట్టించడం.

---

కదిరి_వ్యవసాయం

విత్తే ముందు మొలక పరీక్ష గురించి ఎవరూ రాయలేదు. నా దృష్టిలో దాచడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే, ఎందుకంటే మొలక పోయిన గింజ చూపుకు బాగానే ఉంటుంది.

ప్రతి సంచిలోంచీ పైన, మధ్య, అడుగున పిడికెడు కాయ తీయండి. అన్నీ కలిపి వలిచి, ముడతలు పడినవి తీసేసి, ఎంచుకోకుండా వరసగా 400 గింజలు లెక్కపెట్టండి. ఎందుకు 400 అంటే, వంద గింజలతో చేసిన పరీక్షలో నిజంగా 80 మొలిచే విత్తనం ఒకసారి 72, ఇంకోసారి 88 చూపొచ్చు. అది గింజ తప్పు కాదు, లెక్క చిన్నదవడం వల్ల. 400తో ఆ తేడా 76, 84 మధ్యకు వస్తుంది. లైనర్ సంచులు విప్పడం ఇష్టం లేకపోతే పరీక్షకని ఒక చిన్న సంచి వేరుగా, అదే కాయతో, అదే గదిలో కట్టి ఉంచుకోండి.

గోనెలో నానేసి చూసే పద్ధతి విత్తనానికి సరిపోదు. ట్రేలో కడిగిన ఇసుక పోసి, పిడికిట్లో నొక్కితే ముద్దయ్యి నీరు కారనంత తడిపి, గింజను 5 సెంటీమీటర్ల లోతులో పెట్టండి. చేలో గింజ ఎదుర్కొనేది దాదాపు ఇదే. ఐదో రోజు ఒకసారి, పదో రోజు చివరిసారి లెక్కపెట్టండి. లెక్కలోకి వచ్చేది నిటారుగా పైకి వచ్చి, వేరుకు పిల్ల వేర్లున్న మొక్క మాత్రమే. వేరు మొద్దుగా ఉన్నది, బద్దల మధ్యే ఆగిపోయినది, కుళ్లినది లెక్కకు రావు. గోనెలో అయితే తెల్లగా మొన కనపడగానే మొలిచిందని రాసుకుంటారు. అక్కడ 90, చేలో 55 రావడానికి ఇది ఒక పెద్ద కారణం. ముసలిదవుతున్న గింజలో మొదట పోయేది మొలక కాదు, సత్తువ. మొన చూపే శక్తి ఉంటుంది, నేలను చీల్చుకుని వచ్చే శక్తి ఉండదు. ఐదో రోజుకు వచ్చినవి ఎన్ని, పదో రోజుకు వచ్చినవి ఎన్ని అనేది రాసి పెట్టుకుంటే సత్తువ తెలుస్తుంది. ఐదో రోజుకే ఎక్కువ భాగం వస్తే గట్టి విత్తనం.

మొలక కాస్త తగ్గితే మోతాదు పెంచి సరిచేసుకోవచ్చు. 85 శాతానికి ఎకరాకు 60 కిలోల గింజ వేస్తున్నారనుకోండి, 75 వస్తే 60ని 85తో గుణించి 75తో భాగించండి. 68 కిలోలు. కానీ ఇసుకలో 60 కూడా రాని విత్తనానికి ఈ లెక్క వేయకండి. అక్కడ మొలిచిన వాటికి కూడా సత్తువ ఉండదు. ఒక వాన ఆలస్యమైనా, నేల పైన కాస్త గట్టిపడినా అవీ పోతాయి. దాన్ని నూనెకు పంపి, వేరే విత్తనం చూసుకోవడమే మంచిది. అందుకే పరీక్ష విత్తే ముందు రోజు కాకుండా, జూన్ మొదటి వారంలో చేయండి. విత్తనం కొనడానికి వ్యవధి ఉండాలి.

తెగులు మందు మాంకోజెబ్ గానీ పురుగు మందు ఇమిడాక్లోప్రిడ్ గానీ పట్టించేది విత్తే రోజే. ముందే పట్టించి దాచిన విత్తనం మిగిలితే దాన్ని తినకూడదు, నూనెకు, పశువులకు వేయకూడదు. రోజూ ఎంత విత్తగలరో అంతకే మందు కలపండి.

---

ముదిగుబ్బ_రైతు

చాలా స్పష్టంగా ఉంది. ఒక్కటి మిగిలింది: ఖరీఫ్‌లో విత్తగా మిగిలిన కాయ డిసెంబరు రబీకి? కోల్డ్ స్టోరేజీలో పెడితే?

---

గోదాం_కాపలా

రబీకి మీకు అక్టోబరు, నవంబరుల్లో కొత్త ఖరీఫ్ కాయ వస్తుంది. అదే వాడండి. గుత్తి రకాల (నేల మీద పాకకుండా గుబురుగా పెరిగేవి) కాయకు నిద్రావస్థ, అంటే పీకాక కొంతకాలం మొలవకుండా ఉండే స్థితి, దాదాపు ఉండదు, వెంటనే మొలుస్తుంది. పాత కాయను ఆగస్టు, సెప్టెంబరు తేమలో మోయడం అనవసరపు శ్రమ. ఖరీఫ్ పంట పోయే భయం ఉండి దాచుకోవాలనుకుంటే మాత్రం ఐదారు సంచులకు పరిమితం చేయండి. సీసా పరీక్షలో 50 లోపు వచ్చిన కాయే, అదీ మే నుంచి ఒక్కసారి కూడా విప్పని లైనర్ సంచిలోదే అయి ఉండాలి. జూలైలో విప్పి సగం వాడి మళ్లీ కట్టిన సంచి ఈ లెక్కలోకి రాదు. అందుకే మొదటే చిన్న సంచులుగా, ఒక్కో సంచి ఒక పూటకు సరిపోయేలా కట్టుకోవడం నయం.

కోల్డ్ స్టోరేజీ మంచిదే, కాయ లైనర్లో ఉంటేనే. మిరపకాయ, చింతపండు ఉన్న గదిలో గాలి చల్లగా ఉన్నా పొడిగా ఉండదు. గోనెలో పెట్టిన కాయ అక్కడ నెలల తరబడి తేమ పీలుస్తుంది. చల్లగా ఉన్నన్ని రోజులు ఏమీ తెలియదు, బయటికి తెచ్చిన వారంలో మొలక పడిపోతుంది. చింతపండు పక్కన పెట్టొద్దని అక్కడి వాళ్లకూ చెప్పండి. బయటికి తీసిన సంచిని వెంటనే విప్పకండి. చల్లటి కాయకు వానాకాలపు గాలి తగలగానే నీటి బొట్లు పడతాయి. సంచిని కట్టినట్టే నీడలో ఒక రోజంతా ఉంచి, ప్లాస్టిక్ మీద చెమ్మ ఆరాక, లోపలి కాయ కూడా గది వేడికి వచ్చిందని చేత్తో చూసుకుని అప్పుడు విప్పండి.